అన్నిటికన్నా చెత్త హిట్ పాట ఏది? నా జవాబు మారిన రోజు

'పెద్ద హిట్టయిన పాటల్లో మీకు చెత్తగా అనిపించింది ఏది? ఇప్పటి వాటికన్నా పాతవే నయమా?' అని అడిగారు. రెండేళ్ల కిందటైతే తడుముకోకుండా చెప్పేవాణ్ణి, ఇప్పుడొచ్చేవన్నీ చెత్తే, మా 1990ల పాటలే పాటలని.

మాది తిరుపతి. ఇంటర్ రోజుల్లో చేతిలో డబ్బులుంటే లిస్టు రాసుకుని క్యాసెట్ల షాపుకెళ్లి పాటలు ఎక్కించుకునేవాణ్ణి. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు ఆరు పాటలు పడితే గొప్ప. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని రెండు రోజులు ఆలోచించేవాణ్ణి.

ఆ పాటలే ఫోన్‌లో పెట్టుకుని ఒకసారి చిత్తూరుకు పెళ్లికి బయల్దేరాం. చంద్రగిరి దాటాక, తొమ్మిది చదివే మా పాప అడిగింది: "నాన్నా, ఆ అమ్మాయి పొమ్మంటోంది కదా, అయినా వదలనని పాడతాడేంటి?"

ఆ పాట మేం కాలేజీ గేటు దగ్గర అమ్మాయిలు పోతుంటే గుంపుగా పాడినదే. వాళ్లు తల దించుకుని గబగబా నడిచేవాళ్లు. సిగ్గనుకున్నాం. అది భయమని నాకు ఆ రోజు కారులో అర్థమైంది. పూతలపట్టు వచ్చేదాకా నోట మాట రాలేదు.

మా ఊరి గంగమ్మ కథే చూడండి. ఆడవాళ్లను వేధించే పాలెగాణ్ణి వేషాలు మార్చి వెతికి మరీ చంపింది ఆ తల్లి. అందుకే జాతరలో వేషాలు వేస్తాం. ఆ వేషగాళ్లు బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు, అది అమ్మ మొక్కు. కాబట్టి పాటలో బూతుందా లేదా అన్నది కాదు నా లెక్క. వద్దన్న అమ్మాయి వెంటపడటాన్ని మంచి ట్యూన్‌తో ముద్దుగా చూపించిన పాటే అన్నిటికన్నా చెత్త. ట్యూన్ ఎంత బాగుంటే అంత చెడ్డది, ఎందుకంటే నోట్లో నిలిచిపోతుంది. అలాంటివి నా లిస్టులోనే నాలుగున్నాయి.

తిరుగు ప్రయాణంలో ఫోన్ పాపకిచ్చేశాను. ఆమె పెట్టిన వాటిలో సగం పాటల్లో మాటలే వినపడలేదు, ఆ ఫిర్యాదు నాకింకా ఉంది. కానీ 2023లో ఆస్కార్ గెలిచిన 'నాటు నాటు' రాగానే, కొత్త పాటలంటే మొహం తిప్పుకునే మా నాన్న వెనక సీట్లో తొడ మీద తాళం వేశాడు. "ఇది మన జాతర దెబ్బ కదరా!" అన్నాడు. పాప దాన్నే మళ్లీ పెట్టింది.