అన్నయ్య సంగతి తర్వాత, ముందు అమ్మ దగ్గరికి వెళ్లండి

బాపట్ల దగ్గరి పల్లె నుంచి ఉత్తరం రాసిన సోదరికి,

పెళ్లయ్యాక మీరూ మీవారూ బాప్తిస్మం తీసుకున్నారు. కిందటేడు నాన్నగారు ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు, అన్నయ్య మందుల కోసం కిందికి వెళ్లిన సమయం చూసి, పాస్టరుగారి చేత నాన్నగారి నుదుటికి నూనె రాయించి ప్రార్థన చేయించారు. పెద్దకర్మ నాడు బంధువులందరి ముందు, క్రీస్తును ఎరగకుండా పోయిన నాన్న ఆత్మ ఏ గతి పడుతుందోనని ఏడుస్తూ సాక్ష్యం చెప్పారు. అన్నయ్య మీ చేతిలోని కొత్త నిబంధనను వాకిట్లోకి విసిరేసి, ఇక ఈ గడప తొక్కవద్దన్నాడు. డెబ్బై ఏళ్ల మారులు, అంటే ఏడేసి సార్లు డెబ్బై మార్లు, క్షమించమన్న ప్రభువు మాట ప్రకారం మీరు అన్నయ్యను క్షమించారట గానీ, ఆయనలో పశ్చాత్తాపమే కనబడటం లేదట. ఇలాంటి మనిషిని ఇంకా ఎంతకాలం క్షమించాలి, నొచ్చుకుంటున్నా సువార్త చెబుతూనే ఉండాలా అని అడిగారు.

మొదటి ప్రశ్న మీరు అడగవలసింది కాదు. మీకు పనికివచ్చేది ఆ డెబ్బై ఏళ్ల మారుల మాట ఉన్న మత్తయి పద్దెనిమిదో అధ్యాయం కాదు, ఐదో అధ్యాయం. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, నీ మీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తుకు వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని అక్కడ ఉంది. విరోధం ఉన్నది ఆయనకు, వెళ్లవలసింది మీరు. దేవుని వాక్యాన్ని వాకిట్లో పారేయడం తప్పే, మీ మనసు గాయపడటం న్యాయమే. దాన్ని మనసులోనే క్షమించండి, ఆ సంగతి మాత్రం ఆయన చెవిన వేయకండి. అడగని మనిషికి క్షమించానని చెప్పడమంటే, తప్పు నీదేనని ఇంకోసారి అనడమే.

అయితే అసలు చిక్కు మీ అన్నయ్యతో కూడా కాదు. నాలుగు పేజీల ఉత్తరంలో అమ్మ ఒకే ఒక్క వాక్యంలో కనిపిస్తుంది. ఎండాకాలంలో అన్నయ్యకు తెలియకుండా పక్కింటి అబ్బాయి చేత ఆవకాయ జాడీ పంపిందనీ, ప్రభువు ఆమె హృదయాన్ని కూడా మెత్తబరుస్తున్నాడనీ రాసి, మళ్లీ అన్నయ్య కథలోకి వెళ్లిపోయారు. భర్త పోయి ఏడాది తిరగని మనిషి, కొడుకు పంచన ఉంటూ, కన్నకూతురికి పచ్చడి పంపడానికి దొంగచాటు వెతుక్కోవలసి వచ్చింది. దాన్ని మీరు సువార్త ఫలంగా లెక్క వేసుకున్నారు! జాడీ అందాక అమ్మకు ఫోను చేశారో లేదో రాయలేదు. చేసి ఉండరనే నా అనుమానం, ఎందుకంటే అన్నయ్య మారేదాకా ఆ ఇంటితో మాటలు లేవని మీరే మరో పేజీలో రాశారు. తల్లిదండ్రులకు పెట్టవలసింది పెట్టకుండా, అది కొర్బాను, దేవునికి అర్పించేశామని తప్పుకున్నవారిని యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు ఏడో అధ్యాయంలో చదవండి. భక్తి పేరు చెప్పి తల్లిని ఒంటరిగా వదిలేసే హక్కు ఏ బిడ్డకూ లేదని నేను నమ్ముతాను. మీ పాస్టరుగారికి ఈ మాట నచ్చకపోవచ్చు.

ఇక సువార్త సంగతి. నమ్మిన దానిని దాచుకోమని నేను అనను. చెప్పినప్పుడు కొందరు నొచ్చుకోక తప్పదు కూడా. చూసినదీ విన్నదీ చెప్పకుండా ఉండలేమని పేతురు, యోహాను అన్నారు, కానీ వాళ్లు ఆ మాట అన్నది నోరు మూసుకోమన్న అధికారుల ముందు, శవం లేచిన ఇంట్లో కాదు. ఆ పేతురే తర్వాత, మీ నిరీక్షణకు, అంటే మీ ఆశకు, హేతువు అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమని రాశాడు. మీ నాన్నగారు అడగలేదు, అడగగలిగే స్థితిలోనూ లేరు. 1876 నుంచి 1878 వరకు కరువు వచ్చినప్పుడు ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో గుత్త తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు, కానీ కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఎదుటివారు కాదనలేని స్థితిలో ఉన్నప్పుడు వారి మీదికి వెళ్లకూడదన్న ఇంగితం మన నేల మీదే అంత స్పష్టంగా కనిపించాక, ఆసుపత్రి మంచం మీది మనిషి విషయంలో మీకు తోచకపోవడం నాకు బాధ కలిగించింది.

కాబట్టి కుటుంబం గ్రూపులో తెల్లవారుజామున వాక్యాలు పెట్టడం ఆపండి. అన్నయ్యను రెండు విషయాలకు క్షమించమని అడగండి: ఆయన లేనప్పుడు నాన్నకు ప్రార్థన చేయించినందుకు, పదిమందిలో నాన్న ఆత్మ గురించి ఆ మాట అన్నందుకు. నమ్మకం విషయంలో మాత్రం తగ్గేది లేదనే తోక తగిలించవద్దు, ఆయన మిమ్మల్ని నమ్మకం వదులుకోమని అడగలేదు.

వచ్చే నెల ఏడూడికి వెళ్లాలా వద్దా అని ఉత్తరం చివర గీత కింద రాశారు. వెళ్లండి. కర్మకాండ దగ్గర కూర్చోనక్కరలేదు. ప్రసాదం తినాలో వద్దో మీ మనస్సాక్షి చెప్పినట్టు చేయండి, తినకపోతే ఎవరికీ వివరణ ఇవ్వకుండా మానేయండి. ముందురోజు పొద్దున్నే వెళ్లి, వంటింట్లో వదినతో కూరలు తరగండి, రాత్రి అమ్మ పక్కన పడుకోండి. ఆమె నాన్న కబుర్లు చెబితే వినండి, వాటికి వాక్యం జోడించకండి. అన్నయ్య వీధిగుమ్మంలోనే ఆపేస్తే గొడవ పడకుండా పక్కింట్లో కూర్చుని అమ్మను అక్కడికి పిలిపించుకోండి, ఆ అబ్బాయి ఎలాగూ మీకు తెలిసినవాడే.