బీడీ చేటకున్న పీఎఫ్ డెలివరీ బ్యాగుకెందుకు లేదు?

ప్రశ్న: మా అమ్మ ఇంట్లో కూర్చునే బీడీలు చుట్టింది, అయినా ఆమెకు పీఎఫ్ ఉంది. నేను హైదరాబాద్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఫుడ్ డెలివరీ చేస్తాను, నాకేమీ లేదు. అడిగితే ‘మీరు పార్ట్‌నర్లు, ఉద్యోగులు కాదు’ అంటారు. గట్టి చట్టం తెస్తే కంపెనీలు వెళ్లిపోతాయని మా రూమ్మేట్ అంటాడు. నిజమేనా?
– ఓ పాఠకుడు, కామారెడ్డి జిల్లా

జవాబు: మీ అమ్మగారికి ఆ పీఎఫ్ ఎవరూ ఊరికే ఇవ్వలేదు తమ్ముడూ. అప్పట్లో బీడీ యజమానులూ అచ్చం ఇదే పాట పాడారు. నాగ్‌పూర్‌లో ఒక కార్ఖానా ఉండేది, పనివాళ్లు ఇష్టమొచ్చినప్పుడు వచ్చి నాలుగు బీడీలు చుట్టి వెళ్లిపోవచ్చు, లెక్కంతా పీస్‌రేటు, కాబట్టి వీళ్లు మా కార్మికులే కాదన్నాడు యజమాని (మీ లాగిన్, లాగౌట్ గుర్తొచ్చిందా?). 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బీడీ బాగాలేదని తీసి పక్కన పడేసే హక్కు యజమానిదే కదా, ఆ అజమాయిషీ చాలు అంది. ఇంట్లో చుట్టేవాళ్లు 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టంలోకి వచ్చారు. 1977లో పీఎఫ్ చట్టాన్ని బీడీలకు వర్తింపజేస్తే యజమానులు మళ్లీ కోర్టుకెక్కి 1985లో ఓడిపోయారు. అంటే ఒడిలో చేట పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడమనిషి కూడా కార్మికురాలేనని తేల్చడానికే దాదాపు పాతికేళ్లు పట్టింది. రేటింగ్ తగ్గితే ఐడీ బ్లాక్ చేసే యాప్‌కు అజమాయిషీ లేదంటే నాకైతే నవ్వొస్తుంది.

ఇక మీ రూమ్మేట్ మాట. సగం నిజమే. ఆ 1966 చట్టాన్ని కేరళ అమలు చేయబోతే 1968లో పెద్ద బీడీ కంపెనీలు కన్నూరు వైపు పని ఆపేశాయి, సుమారు 12 వేల మంది రోడ్డున పడ్డారు. పక్క రాష్ట్రాల్లో అడిగేవాళ్లు లేకపోతే ఆకు, తంబాకు అక్కడికి మళ్లించడం ఎంతసేపు? ఆ కార్మికులే ప్రభుత్వ సాయంతో 1969లో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకుని నిలబడ్డారు, అది వేరే కథ.

కానీ బీడీ ఎక్కడ చుట్టినా బీడీయే. అమీర్‌పేటలో ఆర్డర్ చేసిన బిర్యానీని నాగ్‌పూర్ నుంచి తెచ్చివ్వలేరు కదా! కస్టమర్ ఇక్కడున్నంత కాలం కంపెనీ కూడా ఇక్కడే ఉంటుంది. మహా అయితే డెలివరీ చార్జీ కొంత పెంచుతుంది, దాంతో ఆర్డర్లు కొన్ని తగ్గొచ్చు, ఆ మాట దాచను.

ప్రశ్న: పీఎఫ్ పెడితే మా చేతికొచ్చేది కోసేస్తారు కదా?
– ఇంకో డెలివరీ పాఠకుడు

జవాబు: పీఎఫ్ అయితే కోత ఉంటుంది, బీడీల్లో కార్మికుల వాటా 10 శాతం. కానీ మీ కోసం 2020 నాటి కేంద్ర చట్టం, సామాజిక భద్రత కోడ్‌లో రాసింది పీఎఫ్ కాదు, విడిగా ఒక నిధి. యాప్ కంపెనీ తన టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం అందులో కట్టాలి, అదీ మీకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటకుండా. మీ అమ్మల పీఎఫ్‌తో పోలిస్తే ఇది చిన్నదే. ముందు ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్) పేరు ఎక్కించుకోండి, బేరం తర్వాత ఆడొచ్చు.