ఆ క్వార్టెట్‌ని చూసి మురిసిపోకు

పర్లాకిమిడి,
ఆదివారం

చిట్టీ,

బరంపురం యూనివర్సిటీ భంజవిహార్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మకి చెబుదామని వంటింట్లోకి వెళ్లి, గొంతు పెగలక మంచినీళ్లు తాగి తిరిగొచ్చేశాను. ఆ సంతోషం గంటసేపు ఉంది. తర్వాత టాపిక్ ఏమిటని మళ్లీ ఫోన్ చేశాను. మల్టీకాంపొనెంట్ సింథసిస్, ఫ్యూజ్డ్ హెటెరోసైకిల్స్ అన్నాడు. మూడు నాలుగు పదార్థాల్ని ఒకేసారి కలిపి, ఒకదానికొకటి అతుక్కున్న రింగుల అణువులు చేయడమన్నమాట. అప్పట్నుంచి టెన్షన్.

వండడం గురించి కాదు నా భయం. మూడింటిని ఒకే ఫ్లాస్కులో ఉడికించడం ఇటలీ కెమిస్టు బిజినెల్లి 1891లోనే చేశాడు. ఆల్డిహైడ్ పాతదైతే శుద్ధి చేసి వాడు. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో టీఎల్‌సీ ప్లేటు మీద చూస్తూ ఉండు. ఎండాకాలం కుళాయి ఆగిపోతే కండెన్సర్ ఎండిపోతుంది, ఫ్లాస్కుని రిఫ్లక్స్‌లో మరుగుతూ వదిలేసి హాస్టల్‌కి పోకు. మలోనోనైట్రైల్ ఒంట్లోకి పోతే సయనైడ్ అవుతుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోకు. ల్యాబ్ ఫ్రిజ్‌లో పఖాళ చద్దన్నం డబ్బా పెట్టావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా తెలీదు.

నేను రీసెర్చ్ చేసే రోజుల్లో 4-క్లోరోబెంజాల్డిహైడ్, డైమెడోన్, ఇథైల్ సయనోఅసిటేట్ కలిపి, పీటీఎస్ఏ అనే ఆమ్లం వేసి మరిగించాను. ఒక అమైనో గ్రూపు, ఒక ఇథైల్ ఎస్టర్ ఉన్న బెంజోపైరాన్ రావాలి. కాలమ్‌లో ద్రావకం పోసి శుద్ధి చేస్తే తెల్లటి పొడి వచ్చింది. అణువులో హైడ్రోజన్లు ఎలా ఉన్నాయో చెప్పే ఎన్ఎమ్ఆర్‌కి వేరే ఊరు పంపితే నెల దాటాక కాగితం వచ్చింది. సీడీసీఎల్3 ద్రావకంలో తీశారు. 1.26 దగ్గర మూడు గీతల ట్రిప్లెట్, 4.12 దగ్గర నాలుగు గీతల క్వార్టెట్. ఇథైల్! ఆ రాత్రి నిద్రపోలేదు. 4.7 దగ్గర సీహెచ్ కూడా ఉంది. 2.05 దగ్గరున్న సన్నటి ఒంటి గీత సింగ్లెట్‌ని రింగులోని సీహెచ్2 ఖాతాలో రాసేశాను. బంధాల కదలికలు చూపే ఐఆర్ స్పెక్ట్రమ్‌లో 3400 దగ్గర వెడల్పాటి గుట్ట. అదే అమైనో గ్రూపు, ఎన్‌హెచ్2 అన్నాను. దానికి రెండు కొమ్ములు రావాలి కదా అని లోపల అనిపించింది. వినిపించుకోలేదు.

తర్వాత అణుభారం చెప్పే మాస్ స్పెక్ట్రమ్ వచ్చింది. 376 రావాల్సిన చోట 385. మా గైడ్ ఒక్క మాటే అడిగారు, "నైట్రోజన్ ఏదోయ్?"

ఒక్క నైట్రోజన్ ఉంటే అణుభారం బేసి సంఖ్య అవ్వాలి. నాది 384, మాస్‌లో ఇంకో హైడ్రోజన్ కలిసి 385గా కనబడింది. రెండు డైమెడోన్లు ఆల్డిహైడ్‌ని చెరోవైపు పట్టేసుకుని నైట్రోజన్ లేని జాంథీన్‌డయోన్ అయిపోయాయి, సయనోఅసిటేట్ విస్తరి దొరకని చుట్టంలా పక్కన నిలబడిపోయింది. మరి ఇథైల్? కాలమ్‌లో వాడిన ఇథైల్ అసిటేట్ చిట్టీ, నేను సరిగ్గా ఆరబెట్టలేదు. ఆ 2.05 కూడా దానిదే. మూడూ కలిసే వచ్చాయి, నేనే విడదీసి రెండింటిని ఒక ఇంటికి, ఒకదాన్ని ఇంకో ఇంటికి పంపాను. 3400 గుట్ట ఐఆర్‌కి కలిపే కేబీఆర్ ఉప్పు పీల్చుకున్న శ్రావణమాసపు చెమ్మ. ఇంటిగ్రేషన్, అంటే పీకుల కింద వైశాల్యం చూస్తే డైమెడోన్ మిథైల్స్ ఆరు హైడ్రోజన్లు కాదు, పన్నెండు. అదీ చూశాను. మెషీన్ తప్పనుకున్నాను.

అదే పద్ధతిలో చేసిన తొమ్మిది కాంపౌండ్ల టేబుల్‌ని అప్పటికే సెమినార్‌లో చూపించేశాను. ఆ దసరాకి ఇంటికి రాలేదు. పని ఉందని ఉత్తరం రాశాను. మీ నాన్న అప్పటికి చిన్నవాడు, కొత్త బట్టలు వేసుకుని స్టేషన్‌కి వచ్చాడట.

ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల మాటల్ని చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. నేను నా వ్యాకరణం ప్రకారం విన్నాను.

నీకూ తొమ్మిది పోవచ్చు, తొంభై పోవచ్చు. పోయిన రోజున మాత్రం ఇంటికి రా. పెద్దమ్మ ఏమీ అడగదు, అన్నం పెడుతుంది.

మొదటి ఎన్ఎమ్ఆర్ రాగానే పీకుల మీద పేర్లేమీ రాయకుండా, స్ట్రక్చర్ గీయకుండా, ఉత్త కాగితం పంపు. ఫోన్‌లో ఫొటో వద్దు, కప్లింగులు, అంటే గీతల మధ్య దూరాలు కనబడవు. గుణుపూర్ బండిలో ఎవరైనా తెలిసినవాళ్లు వస్తుంటే ఇచ్చెయ్యి. కళ్లద్దాలు మొన్ననే మార్పించుకున్నాను.

మీ పెదనాన్న