చాట్స్‌వర్త్ హౌస్: ఇంట్లోకి జనాన్ని ఎందుకు రానిస్తారు?

ఇంగ్లాండ్‌లోని చాట్స్‌వర్త్ హౌస్ చరిత్ర ఏమిటి, యజమానుల కుటుంబం ఇంకా ఉంటున్న ఇంట్లోకి టికెట్ పెట్టి జనాన్ని ఎందుకు రానిస్తారు, అంత దూరం వెళ్ళి చూడొచ్చా అని అడిగారు. షెఫీల్డ్‌లో ఉన్నన్నాళ్ళలో నేను మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి నాన్నని తీసుకెళ్ళాను. ఆయనది కడప జిల్లాలో అరటి తోట. ఈ సంగతి ఎందుకు చెప్పానో కింద తెలుస్తుంది.

ఇల్లు డెర్బీషైర్‌లో, డెర్వెంట్ నది పక్కన ఉంది. 1549లో ఆ భూమి కొన్నది సర్ విలియం కావెండిష్, ఆయన భార్య బెస్. ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించి ఆస్తులు లాక్కున్నప్పుడు ఆ పని చూసిన అధికారుల్లో విలియం ఒకడు, కాబట్టి డబ్బెక్కడిదని అడగక్కర్లేదు. బెస్ నాలుగు పెళ్ళిళ్ళు చేసుకుంది, ఆస్తీ పెరుగుతూ పోయింది. స్కాట్లండ్ రాణి మేరీ బందీగా కొంతకాలం ఇక్కడే ఉంది, కాపలా బాధ్యత బెస్ నాలుగో భర్తది. విలియం, బెస్ అప్పట్లో కట్టించిన ఆ పాత ఇల్లు ఇప్పుడు కనపడదు. గుట్ట మీద వేట బురుజు మాత్రం మిగిలింది. మనం చూసే కట్టడంలో ప్రధాన భాగం వాళ్ళ వంశంలోని మొదటి డ్యూక్ (డెవన్‌షైర్ డ్యూక్ అన్నది ఈ కావెండిష్ కుటుంబపు బిరుదు) 1687 నుంచి 1707 దాకా కట్టించింది. ముందు దక్షిణం వైపు ఒక్కటే మారుద్దామనుకుని మొదలుపెట్టి నాలుగు వైపులా పడగొట్టి కట్టాడు. ఇల్లు కట్టించినవాళ్ళందరికీ ఈ జబ్బు తెలిసిందే.

నాకైతే ఇంటికన్నా తోట ఎక్కువ నచ్చింది. 1826లో ఆరో డ్యూక్ ఇరవై రెండేళ్ళ జోసెఫ్ పాక్స్‌టన్‌ని తోటమాలి పెద్దగా పెట్టుకున్నాడు. రష్యా చక్రవర్తి వస్తాడని 1844కల్లా ఒక ఫౌంటెన్ సిద్ధం చేశారు. 296 అడుగుల ఎత్తు లేచిందని లెక్క. చక్రవర్తి ఇంగ్లాండ్ వచ్చాడు గానీ ఇక్కడికి రాలేదు. నాన్న దాని చుట్టూ తిరిగి "మోటారు ఎక్కడరా?" అన్నాడు. మోటారు లేదు. పైన కొండ మీద దీనికోసమే చెరువు తవ్వించారు, అక్కణ్ణుంచి పైపులో దిగే నీటి ఒత్తిడే దాన్ని పైకి లేపుతుంది. ఆయన అది నమ్మడానికి చాలాసేపు పట్టింది.

1830ల్లో పాక్స్‌టన్ గాజు ఇంట్లో ఒక పొట్టి అరటి రకం కాయించాడు. దానికి డ్యూక్ ఇంటిపేరు పెట్టారు, కావెండిష్ అని. మా తోటలో ఉన్న జీ-9 కూడా కావెండిష్ రకమే. ఆ మాట చెబితే నాన్న నవ్వి, "ఇన్నేళ్ళూ వీళ్ళ ఇంటిపేరే పండిస్తున్నామా?" అన్నాడు. పాక్స్‌టన్ కట్టిన పెద్ద గాజు భవనం మాత్రం ఇప్పుడు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెచ్చబెట్టడానికి బొగ్గు లేక మొక్కలన్నీ చచ్చిపోయాయి, 1920లో దాన్ని పేల్చేశారు. ఆ చోట ఇప్పుడు పొదలతో చేసిన చిక్కుదారి ఉంది. పిల్లలకి బాగుంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న. చూడ్డానికి వచ్చేవాళ్ళని రానివ్వడం అక్కడ మొదట్నుంచీ ఉంది. 1849లో దగ్గర్లోని రౌస్లీకి రైలు వచ్చాక జనం బాగా పెరిగారు. అయితే ఇల్లు నిలబడాలంటే టికెట్ డబ్బు తప్పనిసరి అయింది మాత్రం 1950 తర్వాతే. పదో డ్యూక్ 1946లో ఆస్తి కొడుకు పేర పెట్టాడు. ఆ తర్వాత ఐదేళ్ళు బతికుంటే వారసత్వ పన్ను ఉండేది కాదు. కొద్ది నెలల్లో గడువు పూర్తవుతుందనగా పోయాడు. ఎనభై శాతం పన్ను పడింది! వేల ఎకరాలు అమ్మారు, గొప్ప చిత్రాలూ, బెస్ కట్టించిన హార్డ్‌విక్ హాల్ కూడా పన్ను కింద పోయాయి. ఆ లెక్క తేలేసరికి 1967 వచ్చింది. 1981లో ఒక ట్రస్టు పెట్టి ఇంటి నిర్వహణ దానికి అప్పగించారు. ఇప్పుడు ఆ కుటుంబం తమ పాత ఇంట్లోనే ట్రస్టుకి అద్దె కట్టి ఉంటోంది.

తప్పకుండా వెళ్ళండి. ఇంటి లోపల సంగీతం గదిలో తలుపుకి వేలాడే వయొలిన్ వెతకండి, అది నిజంది కాదు, తలుపు మీద రంగులతో వేసిన బొమ్మ. పొద్దున్నే వెళ్ళి ముందు తోట చూసుకోండి. అంతా ఎత్తుపల్లాలు కాబట్టి పెద్దవాళ్ళుంటే నిదానంగా నడవండి. గాలి ఎక్కువగా ఉంటే ఫౌంటెన్ ఆపేస్తారు. నేను వెళ్ళిన మొదటి రెండుసార్లూ ఆపేసే ఉంది, నాన్న వచ్చిన రోజే ఆడింది.