అద్దె బాకీ ఉంది, రాత్రికి రాత్రే వెళ్లిపోదాం అంటున్నారు

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో నెలకు 14 వేల అద్దెకు ఉంటున్నాం. మావారి ఉద్యోగం పోయింది. నాలుగు నెలలుగా అద్దె కట్టలేదు. రెండు నెలల అడ్వాన్స్ ఓనర్ ఆంటీ దగ్గర ఉంది. కింది పోర్షన్‌లోనే ఉంటారు. మొదట్లో ఏమీ అనలేదు గానీ, ఇప్పుడు ‘బాకీ తీరేదాకా సామాను గేటు దాటనివ్వను, పోలీసులకు చెప్తాను’ అంటున్నారు. ఆవిడ వాకిట్లో ఉంటే మావారు మెట్లు కూడా దిగరు. ఎవరూ చూడకుండా ఒంగోలులో మా అమ్మావాళ్ల ఇంటికి వెళ్లిపోదాం అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఖాళీ చేయాలనుకోవడం సరైన నిర్ణయమే. ఉన్న ప్రతి నెలా ఇంకో 14 వేలు బాకీలో కలుస్తుంది. రాత్రిపూట వెళ్లడం మాత్రం వద్దు. ఊరు మారినంత మాత్రాన బాకీ పోదు. దానికోసం ఆవిడ మూడేళ్ల వరకు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు.

పోలీసుల మాటకు కంగారు పడకండి. అద్దె కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. కోర్టు ఆర్డరు లేకుండా సామాను ఆపే హక్కూ ఆవిడకు లేదు. అలాగని ఈ పాయింటు పట్టుకుని వాదనకు దిగొద్దు. ఇన్నాళ్లు ఓపిక పట్టిన మనిషి. బహుశా ఆ అద్దెతోనే ఆవిడకు ఇల్లు గడుస్తుందేమో.

నమ్మకం కోసం చెక్ ఇమ్మంటే మాత్రం ఇవ్వకండి. అది బౌన్స్ అయి, నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కులకు వర్తించే చట్టం) 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. రెండేళ్ల దాకా జైలు శిక్ష పడే అవకాశం ఉంది.

ఇక లెక్క చూద్దాం. బాకీ 56 వేలు, అడ్వాన్స్ 28 వేలు. సర్దుబాటు చేస్తే మిగిలేది 28 వేలే. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని, ఖాళీ చేసే ముందు నెల రోజుల నోటీసు ఇవ్వాలని అగ్రిమెంట్‌లో ఉందేమో చూడండి. ఉంటే అవీ, కరెంటు బిల్లూ కలుపుకోండి.

ఆవిడకు డబ్బుతో పాటు ఖాళీ ఇల్లు కూడా కావాలి. ఆషాఢం, పుష్యం వస్తే కొత్తగా దిగేవాళ్లు దొరకడం కష్టం, ఎవరూ పాలు పొంగించరు. అందుకే ‘ఫలానా తేదీకి ఖాళీ చేస్తాం ఆంటీ, ఇవాళే టూలెట్ బోర్డు పెట్టుకోండి, వచ్చినవాళ్లకు ఇల్లు మేమే చూపిస్తాం’ అనండి. మీ దగ్గర బేరానికి ఉన్నది ఇదొక్కటే, కానీ తక్కువేం కాదు. మిగిలిన బాకీ నెలకు 3 వేలే కట్టగలిగితే 3 వేలనే చెప్పండి. మొహమాటానికి పదివేలని ఒప్పుకుని రెండో నెలకే చేతులెత్తేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మాట్లాడుకున్నదంతా కాగితం మీద రాసి ఇరువైపులా సంతకాలు చేయండి. డబ్బు ఫోన్‌పే లాంటి వాటిలోనే పంపండి, రికార్డు ఉంటుంది. తాళాలు ఇచ్చే రోజు గదులకు, కరెంటు మీటరుకు ఫొటోలు తీసుకోండి.

ఆవిడ ససేమిరా అంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు అక్కడ ఉచితంగా న్యాయసహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

మీవారు పారిపోదామన్నది ఆవిడను ముంచాలని కాదనిపిస్తోంది, ముఖం చూపించలేక. ఆయన్ని ఒక్కరినే పంపకండి, మీరొక్కరే వెళ్లి సర్దిచెప్పనూ వద్దు. ఇద్దరూ పగటిపూట వెళ్లండి. ‘ఆలస్యమైంది, క్షమించండి’ అన్న మొదటి మాట ఆయన్నే అననివ్వండి, లెక్కలు మీరు మాట్లాడండి.

మీ అమ్మగారికి కూడా ఇప్పుడే ఫోన్ చేసి, కొన్నాళ్లు ఉండటానికే వస్తున్నామని, నెలనెలా ఈ బాకీ కట్టాల్సి ఉందని చెప్పేయండి. సామాను డీసీఎం వ్యాను వాకిట్లో ఆగాక తెలిస్తే మీవారికి అక్కడా మెట్లు దిగలేని పరిస్థితే అవుతుంది.