ఆఫ్‌రోడ్ నావిగేషన్ పోటీకి ఇద్దరు జట్టుగా ఎలా తయారవ్వాలి?

మీరు అడిగింది: "కర్నూలు నుంచి నేనూ మా తమ్ముడూ ఒక ఆఫ్‌రోడ్ నావిగేషన్ పోటీకి పేర్లిచ్చాం. ఫోను, జీపీఎస్ వాడకూడదు. మ్యాపు, దిక్సూచి, దూరాలూ మలుపులూ రాసి నిర్వాహకులు ఇచ్చే రోడ్ బుక్ మాత్రమే. మా దగ్గర థార్ ఉంది. బండికి ఇంకా ఏం చేయించాలి? ఎవరు నడపాలి, ఎవరు దారి చెప్పాలి? ఎక్కడ ప్రాక్టీసు చేయాలి?"

బండికి ఇంకేమీ చేయించకండి. ఫోర్ వీల్ డ్రైవ్, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు సరిగ్గా పడుతున్నాయా, టైర్లు బాగున్నాయా, స్టెప్నీలో గాలి ఉందా, ముందూ వెనకా లాగే హుక్కులు గట్టిగా ఉన్నాయా, ఇవి చూసుకుంటే చాలు. మాది అనంతపురం. మా వదిన నడుపుతుంది, నేను పక్క సీట్లో కూర్చుని దారి చెబుతాను. కొన్నేళ్లుగా చలికాలం వస్తే ఇద్దరం ఇలాంటి పోటీలకు వెళ్తున్నాం. లక్షలు పోసి సస్పెన్షన్, ఇరుక్కున్న బండిని లాగే వించ్, లైట్లు పెట్టించుకున్న బండ్లు మామూలు బండ్ల వెనక నిలబడటం చాలాసార్లు చూశాను. వాళ్ల బండి ఎక్కడా ఇరుక్కోదు, కానీ దారి తప్పుతుంది. మ్యాపు చదవడం వాళ్లకూ వచ్చు. రెండు సీట్ల మధ్య మాట నడవదు, అంతే. అందుకే నా జవాబులో ఎక్కువ భాగం ఆ మాట గురించే.

ముందు మీరు పేరిచ్చింది ఏ రకం పోటీయో తెలుసుకోండి, ఎందుకంటే మార్కుల లెక్క దేనికదే వేరు. మొరాకోలో 1990 నుంచి ఆడవాళ్లకోసం జరుగుతున్న గజెల్ ర్యాలీలో వేగానికి విలువ లేదు. చెక్ పాయింట్లన్నీ తక్కువ దూరంలో చుట్టి వచ్చినవాళ్లే గెలుస్తారు. అమెరికాలో 2016లో మొదలైన రెబెల్ ర్యాలీ కూడా ఆడవాళ్లదే. ఇద్దరిద్దరు జట్టుగా నెవాడా, కాలిఫోర్నియా ఎడారుల్లో దాదాపు 2,500 కిలోమీటర్లు మ్యాపు, దిక్సూచితోనే తిరుగుతారు. అందులో ఆకుపచ్చ చెక్ పాయింట్ దగ్గర పెద్ద జెండా ఉంటుంది, నీలంది కాస్త కష్టం, నల్లదాని దగ్గర చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు. అక్కడికి చేరామని మీకు మీరే నమ్మి, ఎక్కడున్నారో నిర్వాహకులకు నమోదు చేసే ట్రాకర్ బటన్ నొక్కాలి. మన దేశంలో ఎక్కువగా జరిగేది టీఎస్‌డీ, అంటే ఇచ్చిన దూరాన్ని ఇచ్చిన సగటు వేగంతో సరిగ్గా ఆ సమయానికే దాటాలి. ఆలస్యమైతే ఎలాగూ పెనాల్టీ, తొందరగా వచ్చినా పెనాల్టీయే. దేశంలో మోటారు పోటీలను చూసే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ గుర్తింపు ఉన్న పోటీ అయితే లైసెన్సు సంగతి కూడా ముందే కనుక్కోండి.

ఇక ఎవరు ఏ సీట్లో కూర్చోవాలి? ఎవరు బాగా నడుపుతారో చూసి నిర్ణయించకండి. గుంతల బాటలో అరగంట పాటు పుస్తకం చదవగలిగేది ఎవరో చూడండి. కదులుతున్న బండిలో కాగితం చూస్తే చాలామందికి కళ్లు తిరిగి వాంతి వస్తుంది, అది తెలివికి సంబంధించిన విషయం కాదు. మా వదినకు అలా అవుతుంది, నాకు కాదు. మా ఇంట్లో అది అంతటితో తేలిపోయింది. అయితే ఒక్క రోజైనా సీట్లు మార్చుకుని చూడండి. తల వంచి కాగితం చూస్తున్నవాళ్లకు రోడ్డు ఎంత తక్కువ కనిపిస్తుందో, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు ఒక మాట అర సెకను ఆలస్యమైతే ఎంత టెన్షనో అప్పుడే అర్థమవుతుంది.

దారి చెప్పేటప్పుడు మేం పాటించే వరుస ఒకటే. ముందు దూరం, తర్వాత మలుపు, ఆ తర్వాత అక్కడ కనిపించాల్సిన గుర్తు. "మూడు వందలు. ఎడమ. బోరు పక్కన." వదిన దాన్ని తిరిగి పలుకుతుంది. పలకకపోతే వినలేదనే లెక్క, నేను మళ్లీ చెబుతాను. ఎంత ఖాయంగా తెలుసో కూడా చెప్పాలి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మాకు మూడు మాటలున్నాయి. "ఖాయం" అంటే ధైర్యంగా పోవచ్చు. "అనుకుంటున్నా" అంటే రెండో గేరులో, చుట్టూ చూస్తూ పోవాలి. "తెలీదు" అంటే బండి ఆగాలి. తెలియకపోయినా తెలిసినట్టు గొంతు పెంచి చెప్పే నావిగేటర్ వల్ల జరిగేంత నష్టం ఇంకెవరి వల్లా జరగదు. అదే గొంతుతో తర్వాత నిజం చెప్పినా డ్రైవర్‌కు నమ్మకం కుదరదు. "తెలీదు" అన్నప్పుడు డ్రైవర్ విసుక్కోకూడదు, అది వాళ్ల వంతు. అన్నదమ్ముల మధ్య ఇది కష్టమే, తెలుసు. ఇంటి లెక్క ప్రకారం పెద్దవాడి మాట నెగ్గుతుంది కదా. బండెక్కాక ఆ లెక్క ఇంట్లోనే ఉండాలి. "ఆపు" అనే హక్కు ఇద్దరికీ సమానం, ఎవరన్నా సరే చక్రం ఆగాలి, కారణం తర్వాత అడగాలి.

డ్రైవర్ కూడా మాట్లాడుతూనే ఉండాలి. వదిన కనిపించినవన్నీ చెబుతూ పోతుంది: "కుడి పక్క చీనీ తోట, కంచె వేసినారు", "ముందర కరెంటు లైను అడ్డం దాటుతోంది", "చెరువు కట్ట వచ్చె". నేను వాటిని మ్యాపులో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ వస్తాను. ఆమెకు నేల కనిపిస్తుంది, నాకు కాగితం. ఈ రెండూ కలిసే చోటే మేమున్నాం. రెండు కిలోమీటర్లకు రావాల్సిన గుర్తు రెండుంపావు దాటినా రాలేదంటే ఆగిపోతాం. ఇంకొంచెం పోయి చూద్దాం అనేది ఉండదు. చివరిసారి "ఖాయం" అన్న చోటికి వెనక్కి వెళ్తాం.

ఒకసారి వజ్రకరూరు దగ్గర ఈ పద్ధతి మమ్మల్ని కాపాడింది. మా చేతిలోని మ్యాపు సర్వే హంద్రీ-నీవా కాలువ తవ్వకముందుది. మ్యాపులో తెల్లటి ఖాళీ నేల, కళ్లముందేమో శ్రీశైలం నీళ్లు పారుతున్న పెద్ద కాలువ. వంతెన ఎటుందో తెలియదు. కట్ట మీది బాట బాగుందని వదిన ఎడమకు అంది, నేను కుడికి అన్నాను. ఇద్దరిలో ఎవరి దగ్గరా "ఖాయం" లేదు. ఇంజన్ ఆపేశాం. ఒకరి వేలు ఒకరు చూడకుండా, మనం ఎక్కడున్నామని మ్యాపు మీద ఎవరికి వాళ్లం చూపించాం. వేళ్ల మధ్య దూరం మ్యాపులో రెండు సెంటీమీటర్లు, అంటే నేల మీద కిలోమీటరు. గొడవ ఎడమా కుడా అని కాదని, ఎక్కడున్నామన్న దగ్గరే తేడా ఉందని తెలిసింది. "పాపా, ముందు ఆ రెండు గుట్టలు పట్టు" అంది వదిన.

గుట్టలు పట్టడం అంటే ఇదీ. మ్యాపులో పోల్చుకోగల రెండు గుట్టలు ఎంచుకోవాలి. ఒకటి ముందుంటే ఇంకొకటి పక్కకు ఉండాలి, మధ్య కోణం తొంభై డిగ్రీలకు దగ్గరగా ఉంటే మేలు. దిక్సూచితో ఒక్కోదాని డిగ్రీ చూసి, దానికి 180 కలిపి లేదా తీసేసి, ఆ గుట్ట నుంచి మన వైపు గీత గీయాలి. రెండు గీతలు కలిసే చోట మనం ఉన్నాం. ఈ పని బండి దిగి, పది పదిహేను అంగలు దూరం నడిచే చేయాలి. బండి ఇనుము, స్పీకర్లు సూదిని పక్కకు లాగేస్తాయి. కోణంలో ఒక్క డిగ్రీ తప్పినా కిలోమీటరుకు పదిహేడు మీటర్లు జరుగుతాం. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే కాబట్టి దగ్గరి దూరాలకు పెద్దగా బాధ లేదు. నెవాడా వైపు అది పది డిగ్రీలు దాటుతుంది, అక్కడ ఆ లెక్క వేయకుండా కదలలేరు. ఆ రోజు మా ఇద్దరి వేళ్ల మధ్యలో ఎక్కడో గీతలు కలిశాయి. అక్కడి నుంచి పక్క ఊరి బండి బాట కాలువను ఎక్కడ తాకుతుందో మ్యాపులోనే దొరికింది. పాత బాటను కాలువ కోసిన చోట దగ్గరలో వంతెన కట్టి ఉంటారన్నది మా అంచనా. వంతెన అక్కడే ఉంది.

సీమలో మ్యాపు చదవడానికి కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 మ్యాపు షీట్లు సంపాదించుకోండి. రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. పెన్సిల్ గీత అర మిల్లీమీటరు మందం ఉన్నా నేల మీద అది 25 మీటర్లు, అందుకని మొన చెక్కుకుంటూ ఉండాలి. ఆ షీట్లలో ఎండిన వంకలు నల్ల గీతలుగా ఉంటాయి, నీళ్లుండేవే నీలం. కొత్తవాళ్లు నల్ల గీతను బాట అనుకుంటారు, మన జిల్లాల్లో వంకలన్నీ దాదాపు నల్లవే కాబట్టి జాగ్రత్త. చెరువు కట్ట పక్కన 5r అని ఉంటే కట్ట చుట్టుపక్కల నేల కన్నా ఐదు మీటర్ల ఎత్తని అర్థం. దాన్ని అడ్డంగా దాటడం కుదరదు, చుట్టే పోవాలి.

మ్యాపులో లేని వాటిలో మనల్ని ఎక్కువ తికమక పెట్టేవి గాలిమరల రోడ్లు. ఉరవకొండ, వజ్రకరూరు, రామగిరి వైపు ఒక్కో మరకూ వెడల్పాటి గరుసు రోడ్డు వేశారు. చూడటానికి ఊరికి పోయే దారిలాగే ఉంటుంది, మర కిందికి పోయి ఆగిపోతుంది. నేలను బట్టి నమ్మదగ్గవి గుట్టలు, పాత కోటలు, చెరువు కట్టలు. గుత్తి కోట చాలా దూరం నుంచి కనిపిస్తుంది. అనంతపురం ఎర్రనేలల్లో నల్లరాళ్లు గోడ కట్టినట్టు తిన్నగా సాగే వరుసలు ఉంటాయి, అవి డోలరైట్ డైకులు, అంటే నేల పగుళ్లలోకి కరిగిన రాయి ఎక్కి గట్టిపడినవి. కాంటూరులో సన్నటి పొడవాటి మిట్టగా కనిపిస్తే అదే అయి ఉండవచ్చు, మంచి ఆనవాలు. ఆలూరు వైపు నల్లరేగడి మైదానంలో గుట్టలు చాలా తక్కువ. అక్కడ దూరం లెక్కే ఆధారం.

ఆ దూరం లెక్క కోసం పోటీకి ముందు నిర్వాహకులు కొలిచి ఇచ్చే దూరంలో బండి తిరిగిన దూరం చూపే మీ ట్రిప్ మీటర్‌ను సరిచూసుకోండి. వాళ్లు 10 కిలోమీటర్లన్న చోట మీ మీటరు 9.8 చూపిస్తే, రోడ్ బుక్‌లోని ప్రతి దూరాన్నీ 0.98తో గుణించి రాసుకోవాలి. టైర్లలో గాలి తగ్గిస్తే ఈ అంకె మళ్లీ కాస్త మారుతుంది. టీఎస్‌డీ అయితే ముందురోజు రాత్రే చిన్న పట్టిక రాసి పెట్టుకోండి. గంటకు 36 కిలోమీటర్లయితే కిలోమీటరుకు 100 సెకన్లు, 30 అయితే 120, 24 అయితే 150. బండి ఊగుతుంటే కూడికలు రావు.

నేల విషయంలో రెండే ముక్కలు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుక మేటల్లో, పెన్న ఇసుకలో టైరు గాలి పదిహేను పద్దెనిమిది పీఎస్‌ఐకి దించి, ఆగకుండా ఒకే వేగంతో పోవాలి. బయటికొచ్చాక మళ్లీ నింపడానికి చిన్న కంప్రెసర్ ఉండాలి. నల్లరేగడి తడిసి ఉంటే వెళ్లనే వద్దు, మట్టి చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డు దాకా నిండిపోతుంది.

ప్రాక్టీసుకు మీకు దూరం పోనక్కర్లేదు. పత్తికొండ, తుగ్గలి, జొన్నగిరి మధ్య బండి బాటలు చాలా ఉన్నాయి, అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి కూడా ఆ పక్కనే. వేరుశనగ కోత అయిపోయిన నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పటికీ కొన్ని చేలల్లో కంది నిలబడే ఉంటుంది, చూసుకోండి. తొలకరి వానలకు ఆ చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు తల వంచుకుని నడుస్తుంటారు, ఆ రోజుల్లో అటు బండి తీసుకెళ్లకండి. ఎవరి చేనైనా అడిగే దాటండి. డ్రిప్పు పైపు మీద చక్రం పోతే రైతుకు ఎంత నష్టమో మనకు తెలియనిది కాదు. రిజర్వు ఫారెస్టులోకి, నల్లమల వైపు, రోళ్లపాడు బట్టమేకపిట్టల అభయారణ్యంలోకి అస్సలు వద్దు. గొర్రెల కాపరులు కనిపిస్తే ఆగి మాట్లాడండి. ఏ వంకలో అడుగు గట్టిదో, ఎక్కడ ఊబి ఉందో వాళ్లకు తెలిసినంత ఏ షీటుకూ తెలియదు. పోటీ రోజున దారి అడగడం నిబంధనలకు విరుద్ధం కావచ్చు, ప్రాక్టీసులో ఆ బాధ లేదు.

మొదటి వారం బండి లేకుండా చేయండి. మ్యాపు, దిక్సూచి పట్టుకుని ఇద్దరూ నాలుగైదు కిలోమీటర్లు నడవండి, ఒకరు చెప్పాలి, ఒకరు పోవాలి. రెండో వారం థార్ తీసి గంటకు ఇరవై దాటకుండా. అప్పటికి "ఖాయం", "తెలీదు" నోటికి అలవాటైతే వేగం పెంచవచ్చు. మనిషికి ఐదు లీటర్ల నీళ్లు, తాడు, దాన్ని హుక్కుకు తగిలించే షాకిల్, పార ఎప్పుడూ బండిలో ఉండాలి.

మీ పోటీ నిబంధనల కాగితంలో దూరానికి మార్కులా, సమయానికా, చెక్ పాయింట్ల సంఖ్యకా అన్నది చూసి ఇక్కడ రాయండి. దాన్ని బట్టి పాయింట్ల వరుస ఎలా వేసుకోవాలో విడిగా చెబుతాను.