డబుల్ గ్లాస్ ప్యానెళ్లలో ఆవిరి: మార్చాల్సింది 19 మాత్రమేనా, 212నా?

ప్రశ్న: కిటికీలకు రెండు టెంపర్డ్ గ్లాసుల మధ్య గాలి గది పెట్టి సీలు చేసే ప్యానెళ్లు తయారు చేస్తాం. టెంపర్డ్ గ్లాసు మరో ప్లాంటు నుంచి కొంటాం. ఒక కిటికీల కాంట్రాక్టరుకు 212 ప్యానెళ్లు ఇచ్చాం. బిగింపు ఆయనదే. మా ఇన్‌వాయిస్‌లో 5 ఏళ్ల వారంటీ అని ఉంది. 14 నెలలకు 19 ప్యానెళ్ల లోపల ఆవిరి పట్టింది, 2 ఎవరూ తాకకుండానే పగిలాయి. మరికొన్నిటి మీద ఏటవాలు వెలుగులో మచ్చలు కనిపిస్తున్నాయట. మిగిలిన బాకీ మొత్తం ఆపేసి, 212 ప్యానెళ్లూ మార్చాలని లాయరు నోటీసు పంపారు. ఇంటి యజమాని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానంటున్నారు. బాధ్యత మాదా, గ్లాసు ప్లాంటుదా, బిగించినవారిదా?

జవాబు: నోటీసుకు జవాబులో రెండు మాటలు రాయకండి. ఒకటి ‘అన్నీ మారుస్తాం’, రెండోది ‘మాకు సంబంధం లేదు’. మొదటిది రాస్తే 212 ప్యానెళ్ల లోపాన్నీ ఒప్పుకున్నట్టే. రెండోది రాశాక, తెరిచి చూసినప్పుడు తప్పు మీ సీలులో తేలితే, కోర్టులో మీరు చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు. కాంట్రాక్టరు మూడు ఫిర్యాదులను ఒకే మూటగా కట్టారు. వాటి కారణాలు వేరు, చట్టం ముందు వాటి గతి కూడా వేరు. ముందు ఆ మూట విప్పాలి.

మచ్చల సంగతి త్వరగా తేలిపోతుంది. గ్లాసును 620 డిగ్రీల సెల్సియస్ పైకి వేడి చేసి, రెండు వైపులా గాలి నాజిళ్లతో ఒక్కసారిగా చల్లబరిస్తే పైపొరలు బిగుసుకుంటాయి. ఆ చల్లదనం అంతటా ఒకేలా తగలదు. అందుకే ఆకాశం నుంచి వచ్చే పోలరైజ్డ్ (ఒకే దిశలో కంపించే) వెలుగులో చారలు, మచ్చలు కనిపిస్తాయి. టెంపరింగ్‌తో పుట్టే గుణమే తప్ప ఇది లోపం కాదని ప్రమాణాలు కూడా చెబుతాయి. ఆర్డరుకు ముందు మీరు ఒక శాంపిల్ చూపి, అందులో ఈ మచ్చలు లేకపోతే మాత్రం జాగ్రత్త. శాంపిల్‌కు సరిపోలాలనే షరతు వస్తు విక్రయ చట్టం, 1930లోని 17వ సెక్షన్ కింద తానే వచ్చి చేరుతుంది.

అసలు వివాదం ఆవిరిది. అది ఏ ముఖం మీద ఉందో ముందు రాతలో పెట్టించండి. గది వైపు ముఖం మీద తడి పడితే అది గదిలోని తేమ. తెల్లవారుజామున బయటి ముఖం మీద పడితే ప్యానెల్ వేడిని బాగా ఆపుతోందని అర్థం. గుడ్డతో ఏ వైపు తుడిచినా పోనిది, రెండు గ్లాసుల మధ్య ఉన్నది మాత్రమే సీలు వైఫల్యం. 19 అన్న లెక్క ఇక్కడే తగ్గవచ్చు.

లోపలి ఆవిరి అయినంత మాత్రాన తప్పు మీదే అని కూడా కాదు. తేమను ఆపేది స్పేసర్ (రెండు గ్లాసుల మధ్య దూరం నిలిపే పట్టీ) పక్కలనున్న బ్యూటైల్ సీలెంట్. బయటి పాలీసల్ఫైడ్ గానీ సిలికాన్ గానీ ప్యానెల్‌ను పట్టి ఉంచుతుంది, తేమను పూర్తిగా ఆపలేదు. బ్యూటైల్ గీత మూలల్లో తెగినా, లో-ఈ అనే, వేడిని ఆపే సన్నని కోటింగ్‌ను అంచుల్లో గీకేయకుండా దాని మీదే సీలు వేసినా, కడిగిన గ్లాసు మీద తడి మిగిలినా, రెండు భాగాల సీలెంట్ సరిగా కలవకపోయినా అవి తయారీ లోపాలు. స్పేసర్‌లో నింపే మాలిక్యులర్ సీవ్ (తేమను పీల్చే గింజలు) డబ్బాను గంటల తరబడి తెరిచి ఉంచితే, అది ప్యానెల్‌లోకి చేరకముందే గాలిలోని తేమతో నిండిపోతుంది. ఇదీ మీ ఖాతాలోనిదే.

బిగింపు వైపు చూడండి. ఫ్రేము అడుగు గాడిలో నీరు పోయే రంధ్రాలు లేకపోతే సీలు అంచు వారాల తరబడి నీళ్లలో నానుతుంది. ఎంత మంచి ప్యానెలైనా అలా నానితే చెడుతుంది. సెట్టింగ్ బ్లాకులు (ప్యానెల్ కింద పెట్టే చిన్న దిమ్మలు) లేకుండా ప్యానెల్‌ను నేరుగా ఫ్రేము మీద కూర్చోబెట్టడం, పుల్లని వాసన వచ్చే ఎసిటిక్ సిలికాన్‌ను సీలు అంచుకు పూయడం, పాలీసల్ఫైడ్ అంచును ఎండకు కప్పు లేకుండా వదిలేయడం కూడా సీలును చంపేవే. ఇవి మీ తప్పులు కావు, కానీ నిరూపించాల్సింది మీరే.

కాబట్టి నోటీసుకు జవాబులో ఉమ్మడి పరీక్షకు తేదీ అడగండి. ఆవిరి పట్టిన 3, పట్టని 2 ప్యానెళ్లు చాలు. మీరు, కాంట్రాక్టరు, ఇద్దరికీ ఇష్టమైన నిపుణుడు ఉండాలి. ప్యానెల్‌ను ఊడదీయక ముందే ఫ్రేము గాడి, బ్లాకులు, నీటి రంధ్రాలు ఫోటో తీయాలి. చాలామంది ఊడదీశాక తీస్తారు. అప్పటికి బిగింపు సాక్ష్యం చెదిరిపోయి ఉంటుంది. తర్వాత సీలెంట్‌ను కోసి లాగి చూడాలి. సీలెంట్ తన మధ్యలోనే చిరిగి, గ్లాసుకు కొంత అంటి మిగిలితే అతుకు మంచిదే. గ్లాసు మీద నుంచి శుభ్రంగా ఊడివస్తే కడగడంలోనో, కోటింగ్ గీకడంలోనో, మిశ్రమంలోనో తప్పు జరిగింది. స్పేసర్‌లోంచి తీసిన సీవ్‌లో దాని బరువంత నీళ్లు పోయండి. తాజాదైతే చురుక్కుమనేంత వేడెక్కుతుంది, నిండిపోయినదైతే దాదాపు చల్లగానే ఉంటుంది. ఆవిరి పట్టని ప్యానెల్‌లోని సీవ్ కూడా చల్లగానే ఉంటే అది మీకు చెడ్డ కబురు. మిగతా బ్యాచ్ కూడా అదే దారిలో ఉందని దాని అర్థం. అక్కడ జరిగినదంతా రాసి అందరూ సంతకాలు చేయాలి. కాంట్రాక్టరు పరీక్షకు రాకపోతే, పిలిచినా రాలేదని రిజిస్టర్డ్ పోస్టులో రికార్డు చేయండి. తర్వాత కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 కింద, ప్యానెళ్లను పరిశీలించి నివేదిక ఇచ్చే కమిషనర్‌ను వేయమని అడగవచ్చు.

మీ వైపు సాక్ష్యం బ్యాచ్ రికార్డు. స్పేసర్ మీద ముద్రించిన తేదీ, సీలెంట్ రెండు భాగాల లాట్ నంబర్లు, ఆ రోజు మిశ్రమ నిష్పత్తి (చాలా పాలీసల్ఫైడ్‌లకు పరిమాణంలో 10:1), సీవ్ డబ్బా తెరిచిన సమయం, ఆ రోజు బటర్‌ఫ్లై పరీక్ష కాగితం కావాలి. కలిపిన సీలెంట్ ముద్దను కాగితం మడతలో నొక్కి తెరిస్తే తెల్లటి చారలు కనిపించకూడదు. కనిపిస్తే కలవలేదని. ఆ కాగితాలను తేదీ వేసి దాచి ఉంటే మీ వాదనలో సగం బలం వాటిదే. ఉండాల్సిన రికార్డు చూపలేకపోతే, అది మీకు వ్యతిరేకంగా ఉండేదని కోర్టు ఊహించుకోవచ్చు. కంప్యూటర్‌లో ఉన్న రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి.

పగిలిన రెండింటికి రండి. టెంపర్డ్ గ్లాసులో నికెల్ సల్ఫైడ్ రేణువు ఇరుక్కుంటే, టెంపరింగ్ వేడిలో మారిన దాని స్ఫటిక రూపం నెలల తరువాత, ఏళ్ల తరువాత నెమ్మదిగా తిరిగి మారుతూ ఉబ్బుతుంది. గ్లాసు మధ్యపొరలో ఉంటే అదే పగలగొడుతుంది. పగులు మొదలైన చోట రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా పక్కపక్కన నిలుస్తాయి. అంచు దగ్గర మొదలైతే రవాణాలో తగిలిన దెబ్బనో, ఫ్రేము లోహం తాకిడినో అనుమానించాలి. ముక్కలు పారేసి ఉంటే ఈ తేడాను ఎవరూ చెప్పలేరు. ఇకపై ఏది పగిలినా రాలకముందే దాని మీద అంటుకునే ఫిల్మ్ వేయమని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా చెప్పండి.

నికెల్ సల్ఫైడ్ అని తేలినా ప్లాంటు మీదకు నెట్టేయగలరా? మీ కొనుగోలు ఆర్డరు చూడండి. ఆ రేణువు ముడి ఫ్లోట్ గ్లాసులోనే ఉంటుంది, టెంపరింగ్‌తో పోదు. అలాంటి గ్లాసులను ముందే పగలగొట్టి ఏరివేసేది హీట్ సోక్. అంటే 260 డిగ్రీల సమీపంలో గంటల పాటు ఉంచడం. ఆర్డరులో ‘హీట్ సోక్ చేసిన’ అని రాసి ఉంటే ఓవెన్ చార్టు అడగండి. ఆ చార్టు లేకపోతే వర్ణనకు తగ్గ సరుకు కాదని వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ కింద క్లెయిమ్ చేయండి. ఒట్టి ‘టెంపర్డ్’ అని మాత్రమే రాసి ఉంటే ప్లాంటు మీద కేసు బలహీనం. మీరు కిందికి ఇచ్చిన 5 ఏళ్ల హామీ మాత్రం అలాగే ఉంటుంది. పైనుంచి తీసుకున్న హామీకీ, కిందికి ఇచ్చిన హామీకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత నష్టం మీ జేబులోంచే.

కాలపరిమితిలోనూ ఇలాంటి గుంతే ఉంది. ప్లాంటు ప్రత్యేక వారంటీ ఇవ్వకపోతే, సరుకు నాణ్యత గురించిన అంతర్లీన షరతు సాధారణంగా డెలివరీ రోజునే ఉల్లంఘన అయినట్టు. కాలపరిమితి చట్టం, 1963లోని 55వ ఆర్టికల్ ప్రకారం అక్కడినుంచి 3 ఏళ్లే. నాలుగో ఏట మీరు ప్యానెల్ మార్చి ఇవ్వాల్సి వచ్చినా ప్లాంటును అడిగే దారి మూసుకుపోతుంది. కాంట్రాక్టరుతో వివాదం తేలేదాకా ఆగకుండా ప్లాంటుకు ఇప్పుడే నోటీసు ఇవ్వండి. ఆ గ్లాసు మీద ఐఎస్ఐ మార్కు ఉందో లేదో కూడా చూడండి. భవనాల టెంపర్డ్ గ్లాసుకు ఐఎస్ 2553 మొదటి భాగం ప్రకారం మార్కు తప్పనిసరి చేస్తూ 2020లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. సరఫరా తేదీకి అది ఏ రూపంలో అమల్లో ఉందో సరిచూసుకోవాలి. మార్కు లేని గ్లాసును తయారు చేయడమే కాదు, అమ్మడం, అమ్మకానికి నిల్వ చేయడం కూడా బీఐఎస్ చట్టం, 2016లోని 17వ సెక్షన్ నిషేధిస్తుంది. ప్లాంటును నిలదీయబోయి మీరే చిక్కుకోకుండా ఈ సంగతి ముందే తేల్చుకోండి.

ఇక బాకీ. 212 ప్యానెళ్లనూ తిరస్కరించే హక్కు కాంట్రాక్టరుకు ఇప్పుడు లేదు. సరుకును బిగించేయడం అంటే వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ ప్రకారం స్వీకరించినట్టే. స్వీకరించాక మిగిలేది నష్టపరిహారం. లోపం ఉన్నవాటి మేరకు 59వ సెక్షన్ కింద ధరలో తగ్గించమని అడగవచ్చు. 21 ప్యానెళ్ల పేరు చెప్పి మిగతా 191 ధరను ఆపడానికి అది ఆసరా కాదు. అయితే పరీక్షలో మిశ్రమమో సీవో బ్యాచ్ మొత్తానికి చెడిందని తేలితే, ఆ బ్యాచ్‌లోని పైకి బాగున్న ప్యానెళ్లకూ ఆయన పరిహారం అడగగలరు. అందుకే లెక్క బ్యాచ్‌ల వారీగా సాగాలి.

కాంట్రాక్టు నాటికే మీకు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యం నమోదు ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) గట్టి ఆయుధం. డెలివరీ అయిన 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే సరుకు స్వీకరించినట్టు లెక్క. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. దీనికి ఆ చట్టం కింద ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లాలి. కాంట్రాక్టరు అక్కడే ఎదురు క్లెయిమ్ వేయవచ్చని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఉమ్మడి పరీక్ష నివేదిక లేకుండా అక్కడికి పోకండి. నమోదు లేకపోతే, 3 లక్షల రూపాయలు, ఆపై విలువున్న వాణిజ్య వివాదం కమర్షియల్ కోర్టుకు చేరుతుంది. అత్యవసర ఉత్తర్వు కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

ఇంటి యజమానితో మీకు ఒప్పందం లేదు, అయినా తేలిగ్గా తీసుకోవద్దు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇతరులు చేసిన భాగాలను కూర్చేవారూ ఉత్పత్తిదారులే. ‘గ్లాసు మేం చేయలేదు’ అన్నది అక్కడ చెల్లదు. 84వ సెక్షన్ కింద తయారీ లోపానికే కాదు, సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడానికీ బాధ్యత ఉంది. అయితే ఉత్పత్తి బాధ్యత కేసులో ‘హాని’ అంటే మనిషికో, ఇతర ఆస్తికో కలిగినదే. ప్యానెల్‌కే కలిగిన నష్టం అందులోకి రాదు. కాబట్టి ఆవిరి విషయంలో ఆయన ప్రధానంగా కాంట్రాక్టరును పట్టుకుంటారు, పక్కన మిమ్మల్నీ చేరుస్తారు. పగిలిన గ్లాసు ఎవరి మీదైనా పడితే మాత్రం నేరుగా మీ గడపకే వస్తారు. టెంపర్డ్ ముక్కలు చిన్నవే అయినా గుత్తులుగా కలిసి పడతాయి. తల మీదుగా ఉండే ఏటవాలు అద్దాలకు లోపలి గ్లాసు లామినేటెడ్ (పగిలినా ముక్కలు మధ్య పొరకు అంటుకుని ఉండే రకం) కావాలని మీ కొటేషన్‌లో ఉండాల్సింది ఇందుకే. కమిషన్ నోటీసు అందితే జవాబుకు 30 రోజులు, గరిష్ఠంగా మరో 15. 46వ రోజున ఎంత మంచి కారణం చెప్పినా తీసుకోరు.

తర్వాతి ఆర్డరుకు ఒట్టి ‘5 ఏళ్ల వారంటీ’ అని రాయకండి. వారంటీ దేనికో (రెండు గ్లాసుల మధ్య ఆవిరికి), నివారణ ఏమిటో (కొత్త ప్యానెల్, ఊడదీసి బిగించే కూలి ఎవరిదో), అది ఏ షరతుల మీద నిలుస్తుందో (గాడిలో నీటి రంధ్రాలు, బ్లాకులు, మీరు పేరు చెప్పిన సీలెంట్) విడివిడిగా రాయండి. ఎత్తైన కొండ ప్రాంతానికి వెళ్లే ప్యానెళ్లు లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బుతాయి. బిగించే చోటు ఎత్తు ముందే చెప్పాల్సిన బాధ్యత కొనుగోలుదారుదని చేర్చండి. ఈ షరతులు ఇన్‌వాయిస్ వెనుక ఉంటే చాలదు. ఇన్‌వాయిస్ సరుకుతో పాటు వస్తుంది, ఒప్పందం అంతకుముందే కుదిరిపోయి ఉంటుంది. కొటేషన్‌లో పెట్టి, దాని మీదే కొనుగోలుదారు సంతకం తీసుకోండి.